గొంగడి లోపలి వైపు

"దొంగలు మీరు! గొంగడిని గోడకు బిగించి పురుగుల పాలు చేసింది ఆ కమిటోళ్లు. దాన్ని తీసి ఎండకేసిన మనిషిని తెచ్చి లాకప్పుల కూసోబెట్టింది నువ్వు. ఇంక ఎవర్ని పట్టుకుంటవ్ సీఐ సాబ్?"

మొగిలి ఈ మాటలు పోలీస్ స్టేషన్ గుమ్మంలో నిలబడే అన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అనాలని అతనూ ఎదురుచూడలేదు. మూడేళ్ల కిందటి దాకా ఇదే స్టేషన్లో అతను హెడ్ కానిస్టేబుల్. లాకప్పులో దెబ్బలు తిన్న ఒక హమాలీ తరఫున కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతే, ఉద్యోగం ఊడింది. ఆ ఉద్యోగం ఊడబెరికిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కిషన్ రావే ఇప్పుడు ఎదురుగా కూర్చుని సాసర్‌లో చాయ్ పోసుకుంటున్నాడు.

"ప్రైవేట్ డిటెక్టివ్ గారు వచ్చిండ్రు, కుర్చీ వెయ్యుండ్రి," అన్నాడు కిషన్ రావు ముక్కు ఎగబీల్చుకుంటూ. జలుబు చేసి అతని ముక్కు ఎర్రగా ఉంది. "సైకిల్ షాపు మీద బోర్డు తగిలిస్తే డిటెక్టివ్ అయితరా మొగిలీ?"

"బోర్డు లేకున్నా అయితరు సార్. స్టేషన్ల కూసోని చాయ్ తాగితే మాత్రం కారు."

మొగిలి వెనక ఒక పెద్దామె నిలబడి ఉంది. పేరు చిలుకమ్మ. నైజాం కాలంలో నెక్కొండ దిక్కు గొర్లకాపరులను కూడగట్టి రజాకార్ల మీద కొట్లాడి, వానాకాలంలో తూటాకు బలైపోయిన కొమురెల్లి భార్య. ఆయన పేరు మీద మట్టెవాడలో రెండు గదుల మ్యూజియం ఉంది. ఆ మ్యూజియంలో జనం ముందుగా అడిగి చూసేది తూటా రంధ్రం పడ్డ ఆయన గొంగడిని. అదే మొన్న మాయమైంది. రేపు పొద్దున మంత్రి వచ్చి కొమురెల్లి విగ్రహం ముసుగు తీయాలి. మంత్రి వచ్చేసరికి దొంగ దొరికి తీరాలి కాబట్టి, మ్యూజియం వాచ్‌మన్ కట్టయ్యను దొంగను చేశారు. కట్టయ్య ఎవరో కాదు, కొమురెల్లి సొంత తమ్ముడు. ఉబ్బసం మనిషి. మధ్యాహ్నం అతన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి జైలుకు పంపుతారు. ఈ ముసురులో, జైలు నేల మీద ఆయన నెల రోజులు బతకడు. ఆ సంగతి చిలుకమ్మకు తెలుసు, మొగిలికి తెలుసు, చాయ్ తాగుతున్న కిషన్ రావుకూ తెలుసు.

"మాట్లాడుకో. చాయ్ అయిపోయేదాంక టైమిస్తున్న," అన్నాడు కిషన్ రావు.

కట్టయ్య ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి తీస్తుంటే పిల్లి కూసినట్టు చప్పుడు వస్తోంది.

"అసలేం జరిగింది చెప్పు కాకా. మొదలు నుంచి."

"ఏమున్నది బిడ్డా. నాలుగొద్దులు ముసురు. మొన్న జర ఎండ పొడిచింది. అద్దం కింద ఉన్ని పొడి రాలి ఉన్నది. పురుగు వడ్డది. మా అన్న గొంగడి పురుగు తింటాంటే సూసుకుంట కూసోమంటవా? మరలూడదీసి డాబా మీదికి తీస్కపోయిన. కట్టె వెట్టి దులిపిన. అటు తిప్పి ఇటు తిప్పి ఆరేసిన. కిందికొచ్చి రెండు బుక్కలు తిని, మల్ల వాన వడ్తాంటే పైకి పోయేటాళ్లకు లేదు."

"ఎండకేసినట్టు ఎవరికన్న చెప్పినవా?"

"సేటు ఒక్కనికే. బువ్వ తినవోతాంటే వచ్చిండు. చెప్పిన. లోపలి దిక్కు మాడి ఉన్నదేంది సేటూ, గిదెప్పుడు మాడిందని గూడ అడిగిన."

మొగిలి ఊచలకు మరింత దగ్గరగా జరిగాడు. "లోపలి దిక్కా? మంచిగ సూసినవా?"

"కట్టె వెట్టి దులిపినోణ్ని, సూడనా? బొక్క సుట్టు, అరచెయ్యంత. ఉన్ని మాడి గింజలు గింజలు కట్టింది. బయటి దిక్కేమో శుభ్రంగున్నది."

"సేటు ఏమన్నడు?"

"ఏమనలే. బువ్వ సల్లారుతది, పో అన్నడు."

కిషన్ రావు సాసర్ బల్ల మీద పెట్టాడు. "అయిపోయింది. ఇంక నడువుండ్రి."

*

మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ముందు గది, వెనక హాలు, హాల్లోంచి డాబా మీదికి మెట్లు. రాకపోకలకు ఒకటే వాకిలి. ఆ వాకిలి పక్కన సమ్మమ్మ అనే ఆమె బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తూ రోజంతా కూర్చుంటుంది. మొగిలి ముందు ఆమె దగ్గర ఆగాడు.

"మొన్న కట్టయ్య బువ్వ తినేటప్పుడు ఎవరన్న ఏమన్న మూట పట్టుకోని బయటికి పోయిండ్రా సమ్మక్కా?"

"సేటు పోయిండు. చేతుల గొడుగు తప్ప ఏం లేదు. పోలీసులు గూడ గిదే అడిగితె గిదే చెప్పిన. నన్నే దొంగను సూసినట్టు సూసిండ్రు."

మొగిలికి మనసులో ఒక సంగతి తగిలింది. గొంగడి అంటే రుమాలు కాదు. ఇద్దరు మనుషులను కప్పేంత ఉంటుంది, మడిచినా సంకలో దాగదు. వాకిలి దాటలేదంటే లోపలే ఉంది. కానీ సేటు మ్యూజియం కమిటీకి ప్రెసిడెంట్, తన మ్యూజియంలో వస్తువును తానే ఎందుకు దాస్తాడు? ఈ ప్రశ్న అతన్ని గోకుతూనే ఉంది.

ముందు గదిలో అతను తొందరపడలేదు. ఇన్నేళ్లు ఇదే ఊళ్లో ఉండి ఒక్కసారీ ఇందులో అడుగు పెట్టలేదు. సర్కారు మనుషులు దండలు వేసే చోట మనకేం పని అనుకునేవాడు. ఇప్పుడు ఒక్కో వస్తువు ముందూ ఆగాడు. గొర్ల ఉన్ని కత్తిరించే కత్తెర. తుప్పు పట్టిన లాంతరు. తాళ్లతో అల్లిన వడిసెల, దాని పక్కన నున్నటి గులకరాళ్లు. ఒక్కో రాయి కోడిగుడ్డంత ఉంది.

"గీ రాళ్లతోనే కొట్టెటోడా అవ్వా?"

"గురి సూసి కొడితే గుర్రం మీదోడు కింద వడేది," అంది చిలుకమ్మ. ఆమె ఏ వస్తువునూ చూడటం లేదు. ఖాళీగా ఉన్న అద్దాల చట్రాన్నే చూస్తోంది.

చట్రం కింద పెద్ద అక్షరాల బోర్డు: 'శత్రువు తూటాకు ఎదురు రొమ్ము చూపిన వీరుడు కప్పుకున్న గొంగడి.' మొగిలి చట్రంలోకి తల దూర్చాడు. మరలు జాగ్రత్తగా విప్పి, ఒక గుడ్డపేలికలో మూటకట్టి మూలన పెట్టి ఉన్నాయి. మళ్లీ బిగించే ఉద్దేశం ఉన్నవాడి పని అది. దొంగ మరలు మూటకట్టడు.

"నమస్తే, నమస్తే. వదినె గూడ వచ్చిందే!"

వెనక హాల్లోంచి లక్ష్మీనారాయణ సేటు వచ్చాడు. బట్టల వ్యాపారి. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ ధోవతి, బంగారు రంగు అంచు కళ్లద్దాలు. కొమురెల్లి చనిపోయిన నాడు ఆయన పక్కన ఉన్న ఒకే ఒక్క మనిషి ఇతనే. ఆ కథను ఇతనే చెప్పాడు, ఇతనే రాయించాడు, ఏటా మైకులో ఇతనే చెబుతాడు.

"నాక్కూడ చెప్పు సేటూ. నేనెప్పుడు వినలే," అన్నాడు మొగిలి.

సేటు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "జోరున వర్షం. రైలు కట్ట మీద శత్రువులు. నేను పందొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి, జ్వరంతో వణుకుతున్నాను. కొమురన్న నన్ను వెనక్కి నెట్టి, గొంగడి కప్పుకొని ముందుకు నడిచాడు. కట్ట మీది నుంచి తుపాకి పేలింది. అంత దూరం నుంచి వచ్చిన తూటా గొంగడిని చీల్చుకుని ఆ రొమ్ములో దిగింది."

"అంత దూరం అంటే ఎంత?"

"చాలా దూరం. మనిషి ముఖం కూడా కనపడనంత."

"మంచిది," అన్నాడు మొగిలి. "డాబా సూస్త."

డాబా మీద వాన కడిగేసిన చోట ఏమీ లేదు. కానీ మెట్ల గది చూరు కింద, తడవని మూలన, కట్టయ్య దులిపిన ఉన్ని పొడి కుప్పగా ఉంది. మొగిలి మోకాళ్ల మీద కూర్చుని ఆ పొడిని వేళ్లతో విడదీశాడు. పురుగు తిన్న నూగు, మట్టి. వాటి మధ్య ఆవగింజల్లాంటి నల్లటి గట్టి పూసలు. ఒకదాన్ని గోటితో నలిపితే చిట్లి బూడిదైంది. ఉన్ని మంట పట్టి కాలదు, మాడి గింజ కడుతుంది. గొర్ల మంద మధ్య పుట్టి పెరిగినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కట్టయ్య అబద్ధమాడలేదు.

దిగి వచ్చేసరికి హాల్లో కిషన్ రావు బూట్లతో సహా నిలబడి ఉన్నాడు. సేటు పిలిపించినట్టున్నాడు.

"ఏయ్ మొగిలీ, ఇది పబ్లిక్ ప్లేస్. రేపు మినిస్టర్ ప్రోగ్రాం. బయటికి నడువు."

"గొంగడి దొరకంగనే పోత సార్."

"కట్టయ్య ఇల్లంత తవ్వినం, దొరకలే. నీకు దొరుకుతదా?"

"ఇల్లు తవ్విండ్రు. ఇది తవ్విండ్రా?"

హాలు మొత్తం కడిగి, కుర్చీలు వేసి, మామిడాకులు కట్టి ఉంది. వేదిక పక్కన కొత్త విగ్రహం. పాదాల నుంచి తల దాకా తెల్ల గుడ్డ చుట్టి, పైన పసుపుతాడు కట్టారు. మంత్రి చెయ్యి పడేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. మొగిలి అక్కడ ఆగిపోయాడు. గాలి పీల్చి చూశాడు. ఊదుబత్తీలు, సున్నం, బంతిపూలు. వాటన్నిటి కింద ఇంకో వాసన. తడిసి ఆరని గొర్రె వాసన.

"సీఐ సాబ్, మీకేం వాసన వస్తలేదా?"

"జలుబు," అన్నాడు కిషన్ రావు చిరాగ్గా.

"సిమెంటు విగ్రహానికి గొర్రె వాసన ఎట్లొచ్చింది సార్?"

సేటు రెండడుగులు ముందుకు వేశాడు. "దాన్ని ముట్టద్దు! మంత్రిగారు విప్పాల్సిన ముసుగు అది. అపశకునం!"

"ముడి ముట్టనులే. కింది నుంచి లేపుత."

"మొగిలీ!" అని కిషన్ రావు అరిచాడు. ఆ అరుపు పూర్తికాక ముందే మొగిలి గుడ్డ అంచు పైకెత్తి, విగ్రహం వెనక భాగంలోకి చెయ్యి దూర్చి లాగాడు. నల్లగా, బరువుగా, ముద్దగా గొంగడి బయటికి వచ్చి నేల మీద పడింది.

చిలుకమ్మ వంగి దాన్ని తడిమింది.

"గిదే," అంది. "గిదే మా గొంగడి."

"కాల్చెయ్యాల్సింది గద సేటూ," అన్నాడు మొగిలి. "కాల్చలేవు. గొంగడి కాలిస్తే వెంట్రుకలు కాలిన కంపు బజారంత లేస్తది, శవం కాలుతాందని జనం ఉరికొస్తరు. వాకిట్ల సమ్మమ్మున్నది, బయటికి తీస్కపోలేవు. రేపు మంత్రి గుడ్డ లాగక ముందే ఎట్లనన్న తీసేద్దామనుకున్నవ్."

"ఎవడో పెట్టిండు! నాకేం తెలుసు? కట్టయ్యే పెట్టి ఉంటడు!" సేటు గొంతులో మైకు పోయి బజారు వచ్చేసింది.

కిషన్ రావు తేరుకున్నాడు. "అదే. వాచ్‌మన్ గాడే దాచిండు. ప్రాపర్టీ దొరికింది, కేసు పక్కా అయింది. థాంక్స్ మొగిలీ. ఇటియ్యి."

"దాచేటోడు మరలు మూటగట్టి పెడ్తడా సార్? పోనీ, ఎవడు పెట్టిండో తర్వాత. ఎందుకు పెట్టిండో సూడు ముందు. నువ్వు గూడ పోలీసోనివే గద, ఒకప్పుడు."

మొగిలి గొంగడిని రెండు కుర్చీల మీద పరిచాడు. బయటి వైపు పైకి. మధ్యలో చిన్న రంధ్రం. చుట్టూ ఉన్ని పోగులు పైకి లేచి నిలబడి ఉన్నాయి. మాడిన జాడ లేదు. తర్వాత తిప్పాడు. అదే రంధ్రం, చుట్టూ అరచేతి మేర నల్లగా మాడి, గరుకుగా గింజ కట్టిన వలయం.

కిషన్ రావు వంగి చూశాడు. "చుట్ట నిప్పు పడి ఉంటది. గొర్లోళ్లందరు చుట్టలు తాగుతరు."

"చుట్ట నిప్పు మాడుస్తది. పోగులను బయటికి తోస్తదా? చెయ్యి పెట్టి సూడుండ్రి. తూటా లోపల్నుంచి బయటికి పోయింది."

కిషన్ రావు వేలితో పోగులను తడిమాడు. లోపలి వలయాన్ని గోటితో గీకాడు.

"దూరం నుంచొచ్చిన తూటా మాడ్చదని నాకు ట్రైనింగ్‌ల పాఠం చెప్పిందే మీరు. తుపాకి మూతి ఆనితేనే గిట్ల మాడుతదని గూడ చెప్పిండ్రు. మరి గీ మూతి ఏ దిక్కు ఆనింది సార్?"

కిషన్ రావు లేచి నిలబడ్డాడు. మొగిలి గొంగడి తీసి తల మీది నుంచి కప్పుకున్నాడు. రెండు చేతులూ లోపలికి పోయాయి. ఇన్‌స్పెక్టర్‌కు ఎదురుగా, మాట్లాడుకునేంత దగ్గరగా నిలబడ్డాడు. గొంగడి ఒకచోట కదిలింది. రంధ్రంలోంచి మొగిలి చూపుడు వేలు బయటికి వచ్చి కిషన్ రావు చొక్కా గుండీని తాకింది.

కిషన్ రావు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గొంగడి కప్పుకున్నోడు కొట్టిండు," అన్నాడు మొగిలి. "కప్పుకోనోడు సచ్చిండు. రైలు కట్ట మీద ఎవడు లేడు. కొమురెల్లి వానల తడుసుకుంట నిలబడ్డడు. గొంగడి ఇంకొకని మీద ఉన్నది. ఆడ ఉన్నది ఇద్దరే అని ముప్పై మూడేండ్ల నుంచి మైకుల చెప్తాన్నది ఎవరు?"

"అబద్ధం!" సేటు కేక వేశాడు. "గొంగడి కొమురన్న మీదనే ఉండె! నేను చూసిన! వదినె, నువ్వన్న చెప్పు, నేను అట్లాంటోణ్నా?"

చిలుకమ్మ కుర్చీలో కూర్చోలేదు. నేల మీదే కూర్చుని ఉంది. తల ఎత్తి సేటును చాలాసేపు చూసింది, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు.

"లచ్చన్నా," అంది నెమ్మదిగా. "శవాన్ని బండి మీద తెచ్చిన పొద్దు, గొంగడి నీ ఒంటి మీదున్నది."

సేటు పక్కనున్న కుర్చీ పట్టుకున్నాడు.

"జెరమన్నవ్. పండ్లు టకటక కొట్టుకుంటాన్నయ్. సచ్చినోని మీదిది తీసి కప్పుకున్నవనుకున్న. పసి పిలగాడు, సలికి తట్టుకోక తీసుకున్నడనుకున్న. నా పెనిమిటి నెత్తురింక ఆరలే, నేను నీకు పొయ్యి రాజేసి గంజి కాసిచ్చిన. నా చేతులతోని తాగిపిచ్చిన. గొంగడి ఇప్పిచ్చి మడతేసి అటక మీద వెట్టిన. ఇప్పి సూడనీకి నాకు మనసు రాలే. మూజియం వెడ్తమని వచ్చి తీస్కపోయినవ్. లోపలి దిక్కు గోడకు వెట్టిచ్చినవ్. గొంగడి యాడున్నదని ముప్పై మూడేండ్లల్ల నన్నెవ్వరన్న అడిగిండ్రా? దండ వెయ్యమంటే వేసిన, దండం వెట్టమంటే వెట్టిన. గంతే గద నా పని."

"సలికి ఆయినే ఇచ్చిండు గద నీకు?" అన్నాడు మొగిలి సేటుతో. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "తను తడుసుకుంట, తీసి నీకు కప్పిండు. అవునా?"

లక్ష్మీనారాయణ కళ్లద్దాలు తీశాడు. తుడుచుకోవడానికి ధోవతి చెంగు కోసం వెతికాడు, అది చేతికి దొరకలేదు.

"కప్పిండు," అన్నాడు. "గుండీ పెట్టినట్టు మెడ కాడ ముడి గూడ ఏసిండు. నేను... వదినె, నాకు పందొమ్మిదేండ్లు. మా నాయనను పట్టుకపోయిండ్రు. కొమురెల్లి లేకుంటే మీ నాయన ఇంటికొస్తడన్నరు. నా చేతికి తపంచ తుపాకి ఇచ్చినోళ్లు వేరే ఉన్నరు. నేనొక్కణ్నే కాదు!"

"ఎవరిచ్చిండ్రు?"

సేటు చూపు వేదిక మీదికి పోయింది. అక్కడ ఎర్ర గుడ్డ పరిచిన మూడు పెద్ద కుర్చీలు వరసగా ఉన్నాయి.

"రేపు ఆడ కూసుంటడు," అన్నాడు. "నన్ను బతకనియ్యడు. మిమ్ములను గూడ బతకనియ్యడు."

కిషన్ రావు ముఖం పాలిపోయింది. గబగబా పోయి వాకిలి మూసి, గడియ పెట్టి వచ్చాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. రేపటి వేదిక మీద ఎవరెవరు కూర్చుంటారో అందరికన్నా అతనికే బాగా తెలుసు, బందోబస్తు అతనిదే.

"మొగిలీ, గొంగడి ఇటియ్యి. నేను సీల్ చేస్త. ఇక్కడ విన్నది ఇక్కడనే ఉండాలె. ఫికర్ చెయ్యకు, కట్టయ్యను రేపు ప్రోగ్రాం అయినంక వదిలిపెడ్త."

"రేపు అయినంకనా? రేపటికి గొంగడి గూడ ఉండదు, కట్టయ్య గూడ ఉండడు, గీ సేటు గూడ ఉండడు. నేనియ్యను!" మొగిలి గొంగడిని ఒంటి మీది నుంచి తీయకుండా ఇంకా బిగించి పట్టుకున్నాడు. "గడియ తియ్యి సార్. బజార్ల నుంచి మనుషుల్ని పిలువు. సమ్మమ్మను పిలువు. పంచనామా ఈడనే, అందరి ముంగట రాయి. నువ్వు రాయకుంటే నేను గీ గొంగడి గిట్లనే కప్పుకోని చౌరస్తాల నిలబడ్త. లోపలి దిక్కు బయటికి తిప్పి కప్పుకుంట. కొట్టేటోడు వచ్చి అందరు సూడంగ కొట్టనియ్యి."

కిషన్ రావు చెయ్యి పిస్తోలు తోలు సంచి మీదికి పోయి ఆగింది. దాన్ని ఎందుకు అక్కడ పెట్టాడో అతనికే తెలియనట్టు చూసుకున్నాడు.

చిలుకమ్మ నేలకు చెయ్యి ఆనించి లేచింది. మోకాళ్లు కటకటమన్నాయి. ఎవరి సాయమూ తీసుకోలేదు. మొగిలినీ చూడలేదు, ఇన్‌స్పెక్టర్‌నూ చూడలేదు. పోయి లక్ష్మీనారాయణ ముందు నిలబడింది.

"పంచనామాలు తర్వాత రాసుకోండ్రి," అంది. "ముందు మా కట్టయ్యను జీపుల ఎక్కిచ్చి ఈడికి తీస్కరాండ్రి. తలుపులు బార్లా తియ్యుండ్రి. లచ్చన్నా, నీకు తపంచ ఇచ్చినోని పేరు సచ్చినోని తమ్ముని ముంగట, నా ముంగట, బజారంత ఇనేటట్టు చెప్పాలె. రేపు గాదు, ఇప్పుడు. చెప్పు!"